జాబితాలో లేని చుక్క

మా బాపుకు మాట పోయిన ఎండాకాలమూ, మేం పట్టపగలు నక్షత్రాలు చూసిన ఎండాకాలమూ ఒకటే. 2023.

వరంగల్ కొత్తవాడలో మా ఇల్లు. ముందు గదిలో సగం మగ్గం, మిగతా సగం మేం. ముప్పై ఎనిమిదేళ్లు ఆ మగ్గం మీద, నేలన పరిచే జంపఖానలు నేసిన మనిషి మా బాపు పర్శరాములు. శివరాత్రి వెళ్లిన నాలుగో నాడు పొద్దున్నే పళ్లు తోముకుంటూ కింద పడ్డాడు. దవాఖానలో పదకొండు రోజులున్నాం. ప్రాణం దక్కింది. కాలు చాలావరకు దక్కింది. కుడిచేతికి పట్టు తప్పింది. మాటలు పోయాయి.

మాటలు పోవడమంటే గొంతు పోలేదు. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది. వస్తువు కళ్ల ముందే ఉండేది, దాని పేరు మాత్రం నాలుక మీదికి వచ్చేది కాదు. చెంబు చూపించి దువ్వెన అనేవాడు. తప్పు చెప్పానని మరుక్షణమే ఆయనకు తెలిసేది. ఆ తెలియడమే మాకు చూడబుద్ధయ్యేది కాదు.

ఇంటికొచ్చిన వారానికి పండరి కాక మనవరాళ్లను వెంటబెట్టుకుని చూడటానికి వచ్చాడు. ఆయనా బాపూ చిన్నప్పుడు పక్కపక్క మగ్గాల మీద పని నేర్చుకున్నవాళ్లు. బాపు లేచి నిలబడి, మంచం చూపిస్తూ, ఎంతో ప్రేమగా, "యాదవ్వా, కూసో" అన్నాడు. యాదవ్వ మా అమ్మ పేరు. పిల్లలు కిసుక్కున నవ్వారు. పండరి కాక వాళ్లను కసిరి, ఏమీ కానట్టు కూర్చుని చాయ్ తాగి వెళ్లాడు. ఆ రోజు నుంచి బాపు నోరు తెరవడం మానేశాడు.

దవాఖానలో మాట నేర్పే హారిక మేడం నన్ను పక్కకు పిలిచింది. "ఈ మూడు నాలుగు నెలలు మస్తు ముఖ్యం, నవనీతా. తప్పులైనా సరే మాట్లాడాలె. నోరు మూసుకుని కూసుంటే మాత్రం మనం ఏం జేయలేం" అని చెప్పి బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చింది. మామిడిపండు, ఆవు, గొడుగు. బాపు రెండు పేజీలు చూసి పుస్తకాన్ని ఎడమచేత్తో నా వైపు నెట్టేశాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషికి అది చంటిపిల్లల పుస్తకం.

అమ్మ మాత్రం ఇద్దరి మాటలూ తానే మాట్లాడేది. నేతగాళ్లకు నూలు కండెలు చుట్టే పని నుంచి లేవగానే మొదలుపెట్టేది. "ఏమయ్యా, ఇయ్యాల ఎండ దంచుతాంది గద? దంచక ఏం జేస్తది, ఏప్రిల్ నెలనాయె. అన్నం వెట్టన్నా? వెట్టు మరి, ఆకలైతాంది." ప్రశ్నా తనదే, జవాబూ తనదే. బాపు ఆమెను చూస్తూ కూర్చునేవాడు.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసి పోటీ పరీక్షలకు చదువుతున్న రోజులు. బాపును ఒక్కడినే వదిలి కోచింగుకు పోలేక ఇంట్లోనే ఉండిపోయాను. అప్పుడే మా డిగ్రీ లెక్చరర్ విజయశ్రీ మేడం ఫోన్ చేసింది. రిటైరై హనుమకొండలో ఉంటోంది.

"నవనీతా, ఇంట్ల కూసొని చేసే పని ఒకటున్నది. ఓపిక గావాలె. నీకున్నది."

పని ఇదీ. మేడం వయసులో ఉన్నప్పుడు ప్రతి శనివారం ములుగులో తన అక్క ఇంటికి వెళ్లేది. టెలిస్కోపు గొట్టం బస్సు మీదికి ఎక్కిస్తుంటే కండక్టర్లు "బోరు పైపా మేడం?" అని అడిగేవారట. అక్కడ డాబా మీద, అడవి పక్కన చీకటిగా ఉన్న ఆకాశాన్ని ఇరవై ఏళ్లపాటు ఫిల్ము కెమెరాతో ఫోటోలు తీసింది. ఎంచిన నూట నలభై ఫోటోలకు పేర్లు రాసి, పెద్ద షీట్ల మీద ప్రింటు వేయించి, జూన్‌లో బడులు తెరిచే వేళకు ములుగులోని ప్రభుత్వ పాఠశాలలో పెట్టాలని ఆమె సంకల్పం. ఆ అక్కే ఆ బడిలో పాతికేళ్లు పాఠాలు చెప్పి, కిందటేడు పోయింది. ఆమె పేరు మీద చేస్తున్న పని.

ఇప్పుడు ఇలాంటి పనికి కంప్యూటరు ప్రోగ్రాములున్నాయి. ఫోటో ఎక్కిస్తే చుక్కల మధ్య దూరాలు కొలిచి, లక్షల నక్షత్రాల జాబితాతో పోల్చి, ఇది ఆకాశంలో ఫలానా ముక్క అని చెప్పి, పేర్లు కూడా రాసిపెడతాయి. తొంభై ఫోటోలకు అలాగే అయింది. మిగిలిన యాభై పాత ఫిల్ములు. గీతలు, బూజు, దుమ్ము. ప్రోగ్రాం ప్రతి దుమ్ము కణాన్నీ నక్షత్రమే అనుకుని తికమకపడి చేతులెత్తేసింది. వాటిని మనిషే చూసుకోవాలి. ఫోటోలో బాగా మెరిసే నాలుగైదు చుక్కల అమరిక పట్టుకోవాలి. జాబితా నుంచి ఆ ప్రాంతం చార్టు ప్రింటు తీసి, దాని మీద అదే అమరిక వెతకాలి. దొరికితే అక్కడి నుంచి ఒక్కో చుక్కకు పేరో నంబరో రాసుకుంటూ పోవాలి.

మధ్యాహ్నాలు తలుపు దగ్గరికి వేసి, కూలరు పెట్టుకుని, మగ్గం పక్కన బల్ల మీద లాప్‌టాపు, చార్టులు పరుచుకుని కూర్చునేదాన్ని. బాపు మంచం మీద నుంచి చూసేవాడు. మొదటి వారం అంతే.

రెండో వారంలో ఒక ఫోటో నన్ను సగం రోజు తినేసింది. ఏ ప్రాంతమో కవరు మీద రాసే ఉంది, చార్టూ ఉంది. కానీ ఎంత తిప్పినా ఒక్క చుక్క కలవలేదు. విసుగొచ్చి ఫోటో ప్రింటును బల్ల మీద పడేసి చాయ్ పెట్టడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి బాపు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రింటును ఎడమచేత్తో తీసుకుని, తలుపు కొద్దిగా తెరిచి, వెలుతురుకు పట్టి, దాని వెనకవైపు నాకు చూపించాడు. చార్టును కళ్లతో చూపించాడు.

కలిసింది. అన్నీ కలిశాయి. ఫిల్మును స్కాన్ చేసేటప్పుడు తిరగేసి పెట్టారు, కుడి ఎడమైంది. జంపఖాన రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది కానీ ఒకవైపు ఎడమకు చూసే నెమలి తిరగేస్తే కుడికి చూస్తుంది. జీవితమంతా అదే పని చేసిన మనిషికి చుక్కలైతేనేం, నెమళ్లైతేనేం.

"బాపూ, నాకు సగం రోజు వట్టింది గదనే ఇది!" అన్నాను. ఆయన ముఖంలో రెండు నెలల తర్వాత చిన్న నవ్వు కనిపించింది. మర్నాటి నుంచి నేను పిలవకముందే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవాడు. గ్రాఫు కాగితం మీది డిజైను చూసి నేసే అలవాటు కదా, నేను ఒక చుక్క పట్టుకునేలోపు ఆయన మూడు పట్టేవాడు. ఎడమచేతి వేలు ముందు ఫోటో మీద, తర్వాత చార్టు మీద. నేను గట్టిగా పేరు చదివేదాన్ని. రోహిణి. ఆర్ద్ర. పునర్వసు. పేరు చదువుతుంటే ఆయన పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు.

మే మొదట్లో ఒక మధ్యాహ్నం ఒకే చోట గుంపుగా ఉన్న ఆరేడు చుక్కల ఫోటో తెరిచి, కింద 'కృత్తిక' అని రాశాను. బాపు తల అడ్డంగా ఊపాడు.

"కృత్తికనే బాపూ. చుక్కల గుంపుల జాబితాల నలభై ఐదో నంబరు, ఇగో."

ఆయన నుదురు ముడుచుకుంది. నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు.

"కోడి" అన్నాడు.

వాకిట్లో కండెలు చుడుతున్న అమ్మ చేతిలోది అక్కడే వదిలేసి లోపలికి ఉరికి వచ్చింది. "ఏమన్నడే? కోడి అన్నడా? కోడికూర గావాల్నా అయ్యా నీకు?" బాపు చెయ్యి అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, అమ్మ వినలేదు. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో తలమీద కొంగు వేసుకుని వెళ్లి అరకిలో చికెన్ తెచ్చింది. పొయ్యి దగ్గర చెమటలు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ వండింది. ఆ తుడుచుకున్నవన్నీ చెమటలు కావు.

కంచం ముందు పెట్టాక బాపు తినలేదు. లాప్‌టాపు వైపు వేలు చూపించి, ఒక్కో అక్షరం ఏరుకుంటున్నట్టు, "పిల్ల... ల... కోడి" అన్నాడు.

అమ్మ తెర మీదికి వంగి చూసింది. "ఓర్నీ! పిల్లలకోడి! సుక్కలా! మా అవ్వ సూపెట్టేది గద, కోడి, ఎంబడి పిల్లలు. నేనేమో కూర వండుకొస్తి!" అని నవ్వింది. బాపు కూడా నవ్వాడు, శబ్దం వచ్చేలా. ఆ రోజు ముగ్గురం కడుపునిండా తిన్నాం.

విజయశ్రీ మేడంకు ఫోన్ చేసి చెబితే ఆమె నవ్వి, ఆ పేరు మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, "కృత్తిక కింద పిల్లలకోడి అని గూడ రాయి. బాపుకు ఇంకేం పేర్లు యాదికున్నయో అడుగు. అన్నీ రాయి" అంది.

అలా పని రెండింతలైంది. సప్తర్షుల ఫోటోలో నాలుగు చుక్కల చతురస్రం దగ్గర బాపు "మంచం" అన్నాడు, ఒక గంట తర్వాత "కోళ్లు" అన్నాడు. మంచంకోళ్లు. పేరు గుర్తు రానిచోట అమ్మ అందించేది. జాబితా నంబర్లు నేను చదివితే నా వెంట ఆయన చదివేవాడు. అంకెలు ఆయనకు మాటలకన్నా తొందరగా వచ్చాయి. "అంకెలు ముందొస్తయ్, ఫికర్ జేయకు, వాటి ఎంబడి మాటలొస్తయ్" అంది హారిక మేడం. బొమ్మల పుస్తకం ఇక తెరవద్దని ఆమే చెప్పింది. ఒక శుక్రవారం పండరి కాక వచ్చినప్పుడు బాపు ఆయన పేరుకు బదులు "ఎనభై రెండు" అన్నాడు. అప్పటిదాకా చదువుతున్న నంబరది. కాక ఏమాత్రం తడుముకోకుండా "ఆ, జెప్పు, ఎనభై రెండునే వచ్చిన" అని పక్కన కూర్చున్నాడు. ఈసారి బాపు నోరు మూసుకోలేదు.

మే మూడో వారానికి పది ఫోటోలు మిగిలాయి. షీట్లు ముద్రణకు పంపే రోజు దగ్గరపడుతోంది. నేను తొందరలో ఉన్నాను.

ఆ పదింటిలో ఉత్తరాన కనిపించే రెండు గెలాక్సీల ఫోటో ఒకటి. పక్కపక్కనే రెండు మసక మరకలు, ఒకటి కోలగా గుడ్డులా, ఇంకొకటి సన్నగా పుల్లలా. చుట్టూ చుక్కలు. కృత్తిక ఉన్న జాబితాలోనే ఇవి ఎనభై ఒకటి, ఎనభై రెండు. చార్టుతో సులువుగా కలిసింది. బాపు ఒక్కో చుక్కా చూసుకుంటూ వచ్చి, పెద్ద గెలాక్సీ మసక పక్కన ఆగాడు.

"ఎక్కువ" అన్నాడు.

"ఏంది బాపూ?"

"ఎక్కువ. ఒకటి."

నిజమే. ఫోటోలో అక్కడొక చుక్క ఉంది, చార్టులో లేదు. పక్కన ఉన్నవాటికన్నా మసకగా కూడా లేదు, స్పష్టంగానే ఉంది. కానీ ఆ ఫిల్ముల మీద అలాంటి మచ్చలు కొన్ని వందలు తుడిచి ఉంటాను. "దుమ్ము బాపూ" అన్నాను. జాబితాలో లేనిది ఆకాశంలో ఎక్కడి నుంచి వస్తుంది? మౌసు రెండుసార్లు నొక్కి తుడిచేశాను. ఫైలు సేవ్ చేసి మేడంకు పంపాను.

బాపు తెర వైపు చూశాడు. తర్వాత ఎడమచేత్తో బల్ల మీద గట్టిగా చరిచాడు. చార్టులు కింద పడ్డాయి.

"తీసినవ్!" అని అరిచాడు. "నువ్వు... తీసినవ్!"

ఆ అరుపుకు అమ్మ పరుగెత్తుకొచ్చింది. బాపు లేచి వెళ్లి మగ్గం గట్టు మీద నాకు వీపు చేసి కూర్చున్నాడు. నాకూ కోపం వచ్చింది. ఒక మచ్చ కోసం ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. రెండు రోజులు ఆయన బల్ల దగ్గరికి రాలేదు. నేను పిలవనూ లేదు. అమ్మ మా ఇద్దరి మధ్యా తిరుగుతూ, "మాట రానప్పుడేమో ఏడిస్తిరి, మాట వచ్చినంక గొడవవడ్తిరి" అని గొణిగింది.

మూడో రోజు మిగిలిన ఫోటోలు ఒక్కటొక్కటి తెరుస్తున్నాను. చివర్లో అదే రెండు గెలాక్సీలు మళ్లీ వచ్చాయి. అదే రాత్రి మేడం తీసిన రెండో ఫోటో. వేరే ఫిల్ము ముక్క, వేరే గీతలు, వేరే దుమ్ము. మసక పక్కన, సరిగ్గా అదే చోట, అదే చుక్క.

దుమ్ము రెండు ఫిల్ముల మీద ఒకే చోట పడదు.

నేను ఆ రెండో ఫోటో ప్రింటు తీసుకుని మగ్గం దగ్గరికి వెళ్లాను. బాపు పక్కన గట్టు మీద కూర్చుని కాగితం ఒళ్లో పెట్టాను. ఆయన వేలు నేరుగా ఆ చుక్క మీదికి వెళ్లింది.

"నువ్వే కరెక్టు బాపూ. నాదే తప్పు."

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. అంతే.

మేడంకు ఫోన్ చేశాను. "అసలు ఫిల్ములు మీ దగ్గరనే ఉన్నయా మేడం? నేనొకటి తుడిచేసిన." గంటలో ఆటో దిగింది. అరవై ఆరేళ్ల మనిషి ఆ మండుటెండలో కవరు గుండెకు ఆనించుకుని మా వాకిట్లోకి వచ్చింది. అమ్మ ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, భూతద్దంతో ఒకటి చూసింది, రెండోది చూసింది. కవరు మీద తన చేతిరాతే ఉంది. 17-4-93, ములుగు.

భూతద్దం పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది.

"ఆ ఏడు ఈ గెలాక్సీల ఒక నక్షత్రం పేలింది, నవనీతా. మార్చి ఆఖరుకు స్పెయిన్‌ల ఒకాయన తన టెలిస్కోపుతోని మొదట చూసిండు. నాకు తెల్సేసరికి జూన్. పత్రికల చదివిన. అప్పటికే మబ్బులొచ్చినయ్, అది గూడ మసకైపోయింది. మన ములుగు మీద గూడ వెలిగింది గద, నేను చూడకపోతినే అని ముప్పై ఏండ్లు మనసు పీకింది నాకు."

"మరి ఈ ఫోటోలు?"

"టెలిస్కోపు జర కదిలింది ఆ రోజు. చుక్కలు సాగినయ్. పాడైనయ్ అని పక్కన వెట్టి మర్చిపోయిన, ఇప్పుడు వేరే కవర్లతోని కలిసి నీ దగ్గరికొచ్చినయ్. సరిగ్గ సూడనే లేదు." ఆమె ఫిల్మును మళ్లీ చేతిలోకి తీసుకుంది. "కోటి ఇరవై లక్షల ఏండ్లు నడిచి వచ్చిన వెలుగు. నా ఫిల్ము మీదనే పడ్డది. నాకు తెల్వకపాయె."

జాబితాలో ఎందుకు లేదో అప్పుడు నాకు అర్థమైంది. జాబితాలో నిలకడగా వెలిగేవాటి పేర్లుంటాయి. ఇది కొన్ని నెలలు వెలిగి ఆరిపోయింది.

మేడం లేచి బాపు ముందుకు వెళ్లింది. చెప్పాలనుకున్నది చాలా ఉన్నట్టుంది. చివరికి చేతులు జోడించి, "పర్శరాములన్నా, మీకెట్ల చెప్పాల్నో తెలుస్తలేదు" అంది.

మాట దొరక్క నిలబడటం ఎలా ఉంటుందో బాపు కన్నా తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు. ఆయన కంగారుగా ఆమె చేతులు కిందికి దించి, మజ్జిగ గ్లాసు అందించాడు. "తాగు... తాగుండ్రి" అన్నాడు.

జూన్ పన్నెండున బడులు తెరిచారు. ఆ వారంలోనే ములుగు బడి వరండా పొడుగునా నూట నలభై షీట్లు కట్టారు. మేం ముగ్గురం పొద్దున బస్సుకే వెళ్లాం. పిల్లలు పిల్లలకోడి దగ్గర, మంచంకోళ్ల దగ్గర గుమిగూడారు. కొందరు తమ తాతలు ఇంకేదో పేరు చెబుతారని మేడంతో వాదించారు, ఆమె అవి కూడా రాసుకుంది. గెలాక్సీల షీటు మీద ఆ చుక్క చుట్టూ సన్నటి వలయం గీసి, కింద రాయించింది: ఈ ఫోటోలో దీన్ని గుర్తుపట్టినవారు పర్శరాములు, చేనేత కార్మికులు, కొత్తవాడ.

అమ్మకు చదవడం రాదు. నాతో రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఆ వలయం దగ్గరికి వంగి చూసి, "గీ సుక్క ఇప్పుడున్నదా మరి?" అని అడిగింది.

"లేదమ్మా. అప్పుడే ఆరిపోయింది."

"పాపం" అంది అమ్మ.

"ఫోటోల ఉన్నది గద" అన్నాడు బాపు.

నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ నా ముఖం చూసింది. జబ్బు చేశాక ఆయన ఎవరూ అందించకుండా, ఎక్కడా ఆగకుండా చెప్పిన మొదటి నిండు వాక్యం అది.  

బాపు మళ్లీ మగ్గం ఎక్కలేదు, కుడిచెయ్యి అంతగా తిరిగి రాలేదు. ఇప్పుడు వారానికి రెండు రోజులు పండరి కాకతో కలిసి మేడం ఇంటికి వెళతాడు. మిగిలిన పాత ఫిల్ముల పని ఇంకా ఉంది. నేను ఉద్యోగంలో చేరాను. ఆ రెండు నెలల చదువు పోయిందని ఒక్కనాడూ అనిపించలేదు. మేడం ఫోన్ చేసిన ఆ పూటను తలచుకుంటే ఇప్పటికీ ఎవరికో దండం పెట్టాలనిపిస్తుంది.

షీట్లు చూసిన ఆ సాయంత్రం ములుగు నుంచి తిరిగొస్తుంటే తొలకరి పడింది. కిటికీ పక్కన బాపు, ఆయన పక్కన అమ్మ, వెనక సీట్లో నేను. అద్దం మీద నీళ్లు జారుతుంటే బాపు చేత్తో తుడిచి బయటికి చూస్తూ, రోడ్డు పక్క బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. గట్టిగానే. "జాకారం" అన్నాడు. చాలాసేపటికి "మల్లంపల్లి" అన్నాడు. ఆత్మకూరు దగ్గర నాలుక తిరగలేదు, ఏదో అన్నాడు, తప్పని తెలిసి ఆగి, బోర్డు దాటిపోయాక నెమ్మదిగా సరిచేసుకున్నాడు. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. బాపు పట్టించుకోలేదు.

"గూడెప్పాడ్" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా రెండు నోళ్లుగా మాట్లాడిన మా అమ్మ, హనుమకొండ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకుండా, వింటూ కూర్చుంది.